ఆరుసార్లు తిరిగిన సంచి

స్క్రీన్ మీద ఏ వస్తువు ఎలా కనిపిస్తుందో నాకు తెలిసినంతగా మా బ్యాచ్‌లో ఇంకెవరికీ తెలియదు. రిటైరై అనకాపల్లిలో కూర్చుని గొప్పలు చెప్పుకుంటున్నానని అనుకోవద్దు, నాతో పనిచేసినవాళ్లలో ఎవరిని అడిగినా ఇదే చెబుతారు. విమానాశ్రయంలో ప్రయాణికుల చేతిసంచులు తనిఖీ చేసే ఎక్స్‌రే మిషన్ ముందు ఇరవై ఏళ్లకు పైగా కూర్చున్నాను. ఇనుము నీలంగా కనిపిస్తుంది. తిండి, గుడ్డ, కాగితం నారింజ రంగులో కనిపిస్తాయి. రెండూ కలిస్తే ఆకుపచ్చ. శిక్షణలో ఇంతవరకే చెబుతారు. బెల్లం దిమ్మకూ సబ్బుల కట్టకూ తేడా ఏమిటో, ఆవకాయ సీసాలో నూనె ఎక్కడిదాకా తేలిందో, చీర మడతల్లో దాచింది గొలుసో కొబ్బరి ముక్కో, ఇవన్నీ కూర్చోగా కూర్చోగా వస్తాయి. నాకు వచ్చాయి.

ఇప్పుడు ఇదే ఉద్యోగంలో చేరుతున్న మన వైపు పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వస్తుంటారు. నేను పట్టుకున్న కత్తుల గురించి, చెప్పుల్లో దాచిన బంగారం గురించి అడుగుతారు. సంతోషంగా చెబుతాను. ఒక సంచి సంగతి మాత్రం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అందులో కత్తీ లేదు, బంగారమూ లేదు. ఆ సంచి వల్ల ఎవరికీ ప్రమాదం లేదు. ప్రమాదమంతా నా వల్ల ఆ సంచికి జరిగింది.

ఏ విమానాశ్రయమో చెప్పను. మన జిల్లావాళ్లు తరచుగా వచ్చిపోయే చోటు అనుకోండి చాలు. ఆ రోజు పొద్దున్న మూడు విమానాలు దగ్గర దగ్గరగా ఉన్నాయి, లైను గుమ్మం దాకా సాగింది. ముప్పై ఏళ్లు ఉంటాయేమో, ఒకామె నా మిషన్ దగ్గరికి వచ్చింది. మాడుగుల పైన కొండల్లో ఒక ఊరు ఆమెది. ఈ సంగతి నాకు తరవాత తెలిసింది. భుజాన గుడ్డసంచి. దాన్ని బెల్టు మీద పెట్టకుండా రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.

"సార్, ఇందులో ఫిల్ములున్నాయండి. మిషన్లో ఎయ్యకండి. సేత్తో సూసేయండి, ఒక్కోటీ తీసి నేను సూపిత్తాను."

"ఫిల్మేటమ్మా? ఈ రోజుల్లో కూడా ఫిల్మేటి? సెల్లులో తీసుకోలేకపోయేవా?" అన్నాను. లైనులో నలుగురు నవ్వారు.

"సెల్లులో అందరూ తీత్తారు కదండీ" అంది ఆమె.

మాటలో వెటకారం లేదు. కానీ ఈసారి లైను నన్ను చూసి నవ్వింది. నాకు ఎక్కడో చురుక్కుమంది. మిషన్ పక్కన అంటించిన స్టిక్కర్ చూపించాను. "సదువు. ఏటని ఉంది? ఫిల్ముకి ఏటీ అవ్వదని ఉందా లేదా? ఇరవై ఏళ్ల సర్వీసు నాది. ఎట్టు బెల్టు మీద."

"ఇయి మూడువేల రెండొందల స్పీడువండి. మామూలు ఫిల్ములు కావు."

ఆ అంకె ఏమిటో నాకు తెలియదు. తెలియదని చెప్పడం అంతకన్నా తెలియదు.

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. ఫిల్ము డబ్బా మీద రాసే ఆ అంకె అది వెలుతురును ఎంత త్వరగా పట్టుకుంటుందో చెబుతుంది. ఎండలో తీయడానికి నూరో రెండువందలో చాలు. చీకటి గదిలో పొయ్యి వెలుతురుకు తీయాలంటే వేలల్లో ఉండాలి. అంత ఆత్రంగా వెలుతురు తాగే ఫిల్ము ఎక్స్‌రేను కూడా అంతే ఆత్రంగా తాగుతుంది. పైగా తాగినదాన్ని మరిచిపోదు. ఒకసారి తాగినదాని మీద రెండోసారిది చేరుతుంది, దాని మీద మూడోసారిది. మా స్టిక్కర్‌లో ఇదంతా ఉంది. కింద చిన్న అక్షరాల్లో, వెయ్యి లోపు అంకె ఉన్న ఫిల్ములకే ఈ హామీ అని రాసి ఉంది. నేను రోజూ మోచేయి ఆనించుకునేది ఆ అక్షరాల మీదే.

నాతవరం నుంచి వచ్చి మా షిఫ్టులో ఆడవాళ్లను తనిఖీ చేసే ఒకామె ఉండేది. నన్ను అన్నయ్యా అనేది, నేను చెల్లెమ్మా అనేవాణ్ణి. మాట పడేది కాదు. తెర పక్క నుంచి తొంగి చూసి, "అన్నయ్యా, అంత బతిమాలుతుంది కదేటి ఆ పిల్ల. ఇలా ఇయ్యి, నేను సూసేత్తాను. రెండు నిమిసాల పని" అంది.

"నీ పని నువ్వు సూసుకో చెల్లెమ్మా" అన్నాను.

సంచి బెల్టు మీదికి ఎక్కింది.

స్క్రీన్ మీద రెండు దళసరి నారింజ దిమ్మలు కనిపించాయి. వాటి మధ్య వరసగా చిన్న చిన్న రేకు గొట్టాలు, ఏడు. ఆ దిమ్మలు చూడగానే నాకు హుషారు వచ్చింది. మాడుగుల చుట్టుపక్కల వాళ్లు ఎవరి దగ్గరికైనా పని మీద వెళ్తే ఖాళీ చేతులతో వెళ్లరు. హల్వా పట్టుకెళ్లాల్సిందే. ఆమె వాళ్లమ్మ, ఫిల్ములు కడిగి ఫొటోలు తేల్చే ఆయనకని కొన్న హల్వా డబ్బాల మధ్య ఆ గొట్టాలను సర్దింది, దారిలో దెబ్బ తగలకుండా. అంత మెత్తటి చోటు ఆవిడకు ఇంకెక్కడ దొరుకుతుంది? కానీ నెయ్యీ పాలూ దట్టంగా పట్టిన హల్వా మా స్క్రీన్ మీద అచ్చం పేలుడు పదార్థం లాగే ఉంటుంది. దాని మధ్య రేకు గొట్టాలు ఉంటే చెప్పనక్కరలేదు. కొత్తవాడైతే గంట కొట్టేస్తాడు. నాకు మాత్రం చూడగానే తెలిసిపోయింది.

తెలిసిపోయింది కనక అక్కడితో వదిలేయాలి. ఆ వారమే ఇద్దరు కొత్తవాళ్లు మా షిఫ్టులో చేరారు. వాళ్లను పిలిచాను.

"ఇదేటో సెప్పండి సూద్దాం."

ఒకడు భయంభయంగా "బాంబు సార్?" అన్నాడు.

"బాంబు కాదురా నాయనా, మాడుగుల హల్వా! అంచులు సూడు, ఎలా వొంపు తిరిగున్నాయో. మందుగుండైతే ఇలా ఉండదు. ఉండు, అడ్డంగా పెట్టి సూపిత్తాను."

సంచిని వెనక్కి తెప్పించి అడ్డంగా పంపాను. తరవాత నిలువుగా. తరవాత తలకిందులుగా. రెండోవాడికి అర్థం కాలేదంటే వాడి కోసం మళ్లీ ఒకసారి. బెల్టు ఆపి ముందుకీ వెనక్కీ నడిపిస్తూ పాఠం చెప్పాను. ఆమె అవతలి పక్క రోలర్ల అంచు పట్టుకుని నిలబడి ఉంది. నాలుగోసారి కాబోలు, "సార్, నా ఫిల్ములు" అంది. "అయిపోయిందమ్మా, ఇంకొక్కసారి" అన్నాను. ఆ ఒక్కసారి తరవాత ఇంకోసారి కూడా తిప్పాను.

సంచి చేతికి అందగానే ఆమె గొట్టాలన్నీ తీసి, ఒక్కొక్కటి తడిమి చూసుకుని, చున్నీలో మూట కట్టుకుంది. తడిమితే ఏం తెలుస్తుంది? ఫిల్ము చెడిపోయిందో లేదో కడిగేదాకా ఎవరికీ తెలియదు. ఈ పనిలో అదే మోసం. దెబ్బ తగిలినప్పుడు చప్పుడు ఉండదు.

మూడు వారాలకు మా పెద్దాఫీసరు నన్ను గదిలోకి పిలిచి ఒక ఉత్తరం చేతికిచ్చారు. ఆమె రాసింది. గుండ్రని అక్షరాలు, కొట్టివేత లేదు. సంగతి ఇది. ఒక పేరున్న ఫొటో స్కూల్లో ఆమె ప్రవేశానికి దరఖాస్తు పెట్టింది. వాళ్లు ఫిల్ము మీద తీసిన ఫొటోలే అడుగుతారు. తన ఊళ్లో ఏడాదికొకసారి కొత్త కొర్రలు వచ్చినప్పుడు చేసుకునే పండుగను తీసింది. ముసలివాళ్లు కిటికీ లేని వంటిళ్లలో కూర్చుని కొర్రలు దంచడం, పొయ్యి దగ్గర పాడడం. అంత చీకట్లో తీయాలనే ఆ ఫిల్ము కొనుక్కుంది. కడిగాక చూస్తే ఏడు రీళ్లూ బూడిద పూసినట్టు ఉన్నాయి. మనుషుల ముఖాలు పొగలో నిలబడ్డట్టు ఉన్నాయి. నల్లగా ఉండాల్సింది ఏదీ నల్లగా లేదు. ఎక్స్‌రే తగిలి ఇలా అయిందని కడిగిన ఆయన అన్నాడు. స్కూలువాళ్లు మాత్రం, తీయడం రానివాళ్లు కూడా ఇలాగే చెబుతారన్నారు. విమానాశ్రయం నుంచి కాగితం తెస్తే దరఖాస్తు అలాగే ఉంచి, వచ్చే పండుగకు మళ్లీ తీసుకురమ్మంటారు. నెలాఖరులోగా తేకపోతే తిరస్కరిస్తారు. ఒకసారి తిరస్కరిస్తే ఇక ఆ స్కూల్లో జన్మలో దరఖాస్తు పెట్టుకునే వీల్లేదు.

ఉత్తరం చివర ఆమె అడిగింది ఒక్కటే. "నా ఫిల్ములు ఆరుసార్లు మిషన్లోంచి వెళ్లాయని రాసివ్వండి. నాకు వేరే ఏమీ వద్దు."

"ఏమయ్యా, ఆరుసార్లు తిప్పావా?" అన్నారు ఆఫీసరు.

మిషన్‌లో బొమ్మలు కొన్నాళ్లే నిలవ ఉంటాయి. ఆ రోజువి అప్పటికే చెరిగిపోయాయి. అది నాకు తెలుసు. ఆయనకూ తెలుసు. నన్ను నమ్మి అడిగారు. నేను వివరణ రాసిచ్చాను. నిబంధనల ప్రకారం ఒకేసారి తనిఖీ చేశాను, ప్రయాణికురాలు పొరబడి ఉండవచ్చు అని. మంచి దస్తూరీ నాది.

రెండు రోజుల తరవాత ఆమె స్వయంగా వచ్చింది. ఆఫీసరు గదిలో బల్లకు అటు ఆమె, ఇటు నేను. నెగటివ్‌లు తెచ్చి బల్ల మీద పరిచింది. ఆఫీసరు నా వివరణ చదివి వినిపించారు. చదవడం అయ్యాక ఆమె నా వైపు తిరిగింది.

"సార్, మీరు నాకు ఎదురుగానే ఉన్నారు కదండీ. ఆ ఇద్దర్నీ పిలిసి పాటం సెప్పేరు కదండీ. కాగితం సంగతి వదిలేయండి. నా మొకం సూసి సెప్పండి, ఎన్నిసార్లు?"

ఆమె ముఖం చూశాను. కళ్లు తిప్పుకోలేదు కూడా.

"ఒక్కసారేనమ్మా" అన్నాను.

ఆమె నెగటివ్‌లు ఒక్కొక్కటే ఏరి కవరులో పెట్టుకుంది. తొందరపడలేదు. గుమ్మం దగ్గర ఆగి ఆఫీసరుకు నమస్కారం పెట్టింది. నాకు పెట్టలేదు.

ఆ సాయంత్రం షిఫ్టు దిగాక టీ దగ్గర నాతవరం చెల్లెమ్మ నన్ను పట్టుకుంది.

"ఆ పిల్ల మొకం సూసి సెప్పేవంట?"

"మరేటి సెయ్యమంటావు? ఉజ్జోగం పోద్ది."

"పోదు. ఫిల్ము పాడుసేసినందుకు ఎవులి ఉజ్జోగాలు పోనాయి? నీకు తెలీదని నలుగురికీ తెలిసిపోద్దని భయం నీకు. స్క్రీన్ ముందర కూసుంటే దేముడంతోడివి కదా మరి."

"నువ్వు సెప్పకపోయేవా, అంత ఇదిగా ఉంటే?"

"నన్నెవరడిగేరు? అడిగితే ఈ నిమిసంలో సెప్తాను. అడగరు. నిన్ను నమ్మేరు కదా, ఇంక నన్నెందుకడుగుతారు?" అని టీ గ్లాసు అక్కడ పెట్టి వెళ్లిపోయింది. తరవాత చాలా రోజులు నన్ను అన్నయ్యా అని పిలవలేదు. సార్ అంది.

నెలాఖరు వచ్చింది, వెళ్లింది. నేను ఆ తేదీని మరిచిపోయానని చెబితే అదీ అబద్ధమే. ఆ రోజు స్క్రీన్ ముందు కూర్చుని పనిచేస్తూనే, ఇంకా ఆరు గంటలుంది, ఇంకా నాలుగు గంటలుంది అనుకున్నాను. ఏమీ చేయలేదు.

నన్ను కదిలించింది పశ్చాత్తాపం అని రాస్తే బాగుంటుంది. నిజానికి ఒక గొంతు. నెల దాటిన నాలుగో రోజున, నడుముకు ఇన్సులిన్ పంపు కట్టుకున్న ఒక పెద్దాయన వచ్చి, దీన్ని మిషన్లో వేయకూడదని డాక్టరు చెప్పాడన్నారు. నేను పాఠం చెప్పిన కొత్తవాళ్లలో ఒకడు బెల్టు దగ్గర ఉన్నాడు. వాడు ఆయన్ని ఎగాదిగా చూసి, "ఏటీ అవ్వదండీ. మా సర్వీసులో ఇలాంటియి ఎన్ని సూసేం! ఎట్టండి బెల్టు మీద" అన్నాడు. వాడి సర్వీసు రెండు నెలలు. కానీ ఆ మాట విరుపు, స్టిక్కర్ వైపు చేయి చాపడం, లైను వైపు తిరిగి చిన్నగా నవ్వడం, అన్నీ నావే. హల్వా గుర్తుపట్టడం వాడికి వచ్చిందో లేదో తెలియదు. ఇది మాత్రం బాగా వచ్చింది.

లేచి వెళ్లి ఆ పెద్దాయన పరికరాన్ని చేత్తో చూసి పంపించాను. షిఫ్టు అయ్యాక కూర్చుని రెండో వివరణ రాశాను. ఆరుసార్లు తిప్పాను. ఐదుసార్లు అవసరం లేదు. మొదటిసారి కూడా చేత్తో చూడగలిగి ఉండీ చూడలేదు. మొదటి వివరణలో రాసింది అబద్ధం, ఆమె ముందు చెప్పింది అబద్ధం.

"ఇప్పుడెందుకయ్యా ఇది? ఫైలు మూసేశాం" అన్నారు ఆఫీసరు. కాగితం రెండుసార్లు చదివారు. "తీసుకుంటే నీ మీద చర్య తీసుకోవాలి."

"తీసుకోండి సార్" అన్నాను. మెమో ఇచ్చారు. ఏడాది పాటు స్క్రీన్ ముందు కూర్చోనివ్వలేదు. గుమ్మం దగ్గర టిక్కెట్లు, గుర్తింపు కార్డులు చూసే పని ఇచ్చారు. చెల్లెమ్మ చెప్పింది నిజమే, ఉద్యోగం పోలేదు.

ఆఫీసు ముద్ర వేసిన నకలు తీసుకుని సెలవు రోజున అనకాపల్లిలో మాడుగుల బస్సెక్కాను. అక్కడి నుంచి ఆటో. ఆటో ఆగిపోయిన చోటి నుంచి నడక. ఎక్కుతున్నంతసేపూ ఏం చెప్పాలో కూర్చుకున్నాను. ఆమె వాళ్లమ్మతో కలిసి మెట్టచేనులో పసుపు తవ్వుతోంది. నన్ను చూసి గుర్తుపట్టింది. పార కింద పెట్టలేదు.

కాగితం ఇచ్చాను. పార భుజానికి ఆనించి, చేతులు చీరకొంగుకు తుడుచుకుని తీసుకుంది. మొదటి నుంచి చివరిదాకా చదివి మడిచింది.

"ఎవుళే?" అంది వాళ్లమ్మ.

"ఎయిర్‌పోర్టులో సారు."

"గడువు దాటిపోనాది కదా" అంది ఆవిడ నాతోనే. కోపం లేదు, వాన వెలిసిపోయిందన్నట్టు అంది.

"తెలుసమ్మా. తప్పు నాదే. నిజం రాసేను. ఆ మాట మీకు సెప్పాలని వచ్చేను" అన్నాను. దారిపొడవునా కూర్చుకున్న మాటల్లో ఇంతే మిగిలింది.

ఆ పిల్ల కాగితం నా చేతికి తిరిగి ఇచ్చేసింది.

"ఇందులో ఉన్నది నాకు తెలిసిందే కదండీ. ఆరుసార్లని నేనే కదా మీకు రాసేను. తెలిసినోళ్లకి తెచ్చి ఇచ్చేరు. తెలీనోళ్లకి పంపండి."

అక్కడ నిలబడి ఉండగానే నాకు అర్థమైంది. అంత దూరం కొండెక్కింది ఆమె కోసం కాదు. పోనీలెండి సార్ అని ఆమె చేత అనిపించుకోవడానికి. ఆమె అనలేదు. స్కూలు చిరునామా చెప్పింది, రాసుకున్నాను. కిందికి దిగి మాడుగుల పోస్టాఫీసులోనే కూర్చుని స్కూలుకు ఉత్తరం రాశాను. గడువులోగా ఈ కాగితం రాకపోవడానికి కారణం కూడా నేనే, ఆమె కాదు అని రాసి, నకలు జతచేసి రిజిస్టరు చేశాను. వాళ్ల నుంచి నాకు జవాబు రాలేదు. రావలసిన అవసరమూ లేదు.

ఇది చదివే మీలో ఫిల్ము కెమెరాలు పట్టుకు తిరుగుతున్నవాళ్లు ఉంటారు, ఈ మధ్య ఆ సరదా మళ్లీ వచ్చిందంటున్నారు. వినండి. ఫిల్మును ఎప్పుడూ లోపలికి పంపే పెద్ద సామానులో వేయకండి, అక్కడి మిషన్లు ఇంకా బలమైనవి. చేతిసంచిలో కూడా అడుగున కాదు, పైన, పారదర్శకమైన కవరులో పెట్టుకోండి. తిండి పక్కన అసలు వద్దు. ఎక్స్‌రే చొరకుండా సీసపు సంచుల్లో దాస్తే మాకు నల్లటి దిమ్మ కనిపిస్తుంది, ఇంకోసారి తిప్పుతాం. ఇప్పుడు కొన్నిచోట్ల సంచి చుట్టూ తిరిగి ముక్కలు ముక్కలుగా చూసే మిషన్లు వస్తున్నాయి. వాటిలో ఒక్కసారి వెళ్లినా ఫిల్ము దక్కదు, అంకె ఎంతైనా సరే. కాస్త ముందుగా వచ్చి, చేత్తో చూడమని అడగండి. మళ్లీ అడగండి. ఇక ఆ బల్లకు ఇవతల కూర్చున్నవాళ్లకు నేను చెప్పేది ఒకటే. ఎదుటి మనిషి తన సామాను గురించి మీకన్నా ఎక్కువ తెలిసి మాట్లాడుతుండవచ్చు.

ఏడాది గడిచాక నన్ను మళ్లీ స్క్రీన్ ముందు కూర్చోబెట్టారు. పని బాగానే చేశాను, రిటైరయ్యేదాకా ఇంకో మాట రానివ్వలేదు. కూర్చున్న కొన్ని నెలలకు తెలియని నంబరు నుంచి ఫోనులో సందేశం వచ్చింది. నంబరు నా ఉత్తరంలో రాశాను కాబట్టి స్కూలువాళ్ల దగ్గర తీసుకుని ఉంటుంది.

"సార్, మీ ఉత్తరం చూసి మళ్లీ అవకాశం ఇచ్చారు. పండుగ మళ్లీ తీశాను. సీటు వచ్చింది. ఈసారి ఫిల్ములు పట్టుకుని రైల్లో వెళ్లాను. రెండు రోజులు పట్టింది."

క్షమించానని లేదు. నాతవరం చెల్లెమ్మకు చూపించాను. కళ్లజోడు పెట్టుకుని నిదానంగా చదివింది. ఫోను తిరిగి ఇస్తూ, "తెలివైన పిల్ల, అన్నయ్యా" అంది.